ఉస్తాద్ కొన్న అద్దం లేని కెమెరా

ఉస్తాద్ పోయిన కబురు నాకు నిజామాబాద్‌లో, ఒక పెండ్లి హాల్లో అందింది. పుస్తె కట్టడం అయిపోయి జనం భోజనాల మీద పడ్డ సమయం. మెడలో కెమెరా అట్లాగే వేలాడుతోంది. ఫోన్ చేసింది ఆయన కొడుకు. "అక్కా, బాపు పోయిండు," అన్నాడు.  ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు. "జల్ది రా అక్కా. ఆఖరి ఫొటో నువ్వే తియ్యాలెనని మొన్ననే చెప్పిండు బాపు. నువ్వొచ్చేదాంక ఎత్తము."

మొదటి మాటకు దుఃఖం వచ్చింది. రెండో మాటకు భయం వేసింది. మీ దగ్గర దాపరికం ఎందుకు, దుఃఖం కంటే భయమే ఎక్కువ. మిగిలిన పని తోటివాళ్లకు అప్పజెప్పి బోధన్ బస్సెక్కాను. దారి పొడుగునా కెమెరాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. 

మా వైపు పద్ధతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇంట్లో పెద్దమనిషి పోతే స్నానం చేయించి, బొట్టు పెట్టి, దండ వేసి, కుర్చీలో కూర్చోబెడతారు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఫొటో దిగుతారు. అందరిండ్లలో కాదు గానీ చాలా ఇండ్లలో ఉంది. ఊళ్లలో కొందరు ముసలివాళ్లకు బతికినన్నాళ్లూ ఒక్క సరైన ఫొటో ఉండదు. రేపు గోడకు పెట్టుకుని దండం పెట్టుకోవాలంటే ఆ ఆఖరి ఫొటోనే దిక్కు. అందుకని చుట్టాలకు కబురు పోయినట్టే ఫొటోగ్రాఫర్‌కు కూడా పోతుంది.

నాకు ఆ పనంటే ప్రాణం మీదికి వస్తుంది. పదహారేండ్లుగా చేస్తున్నాను, ఇప్పటికీ అంతే.

బోధన్ ఊరంతా ఆయన్ను సార్ అనేవాళ్లు. పని నేర్పినవాడు కాబట్టి నాకు మాత్రం ఉస్తాద్. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కార్మికుల గుర్తింపు కార్డులకు ఫొటోలు తీస్తూ మొదలుపెట్టాడట. ఫ్యాక్టరీ మూతపడ్డాక పెండ్లిళ్లు, పురుడ్లు, చావులు. డిచ్‌పల్లిలో చదువు మధ్యలో వదిలేసి నేను ఆయన స్టూడియో మెట్లెక్కినప్పుడు ఆడపిల్లకు ఇదేం పనని మావాళ్లందరూ గోల చేశారు. ఆయన మా బాపుతో ఒకటే అన్నాడు. "ఆడోళ్ల ఫొటోలు ఆడివిల్ల దీస్తె తప్పేమున్నదే? సిగ్గువడకుండ నిలవడ్తరు." బాపు ఒప్పుకున్నాడు.

అంగీ జేబులో ఎప్పుడూ పాత బనీను ముక్క ఒకటి ఉండేది, లెన్సు తుడవడానికి. చాయ్ సాసర్లో పోసుకునే తాగేవాడు. నవ్వమని ఎవరికీ చెప్పేవాడు కాదు. గ్రూపు ఫొటోకు అందరినీ నిలబెట్టి, కన్ను కెమెరాకు ఆనించి, "ఊపిరి బిగవట్టుండ్రి" అనేవాడు. టప్‌మని చప్పుడయ్యాక, "ఇగ ఇడువుండ్రి" అనేవాడు. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలి నవ్వేవాళ్లు. అసలైన నవ్వు అప్పుడొస్తుందని రెండో ఫొటో అప్పుడు తీసేవాడు. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన్ను చూడగానే పిల్లలు బుగ్గలు ఉబ్బించి నిలబడేవాళ్లు.

నా భయం సంగతికి వస్తాను. నేను చేరిన రెండో ఏడు, రుద్రూర్ దగ్గర చెరుకు తోటల మధ్య ఒక ఇంట్లో ముసలామె పోయింది. ఉస్తాద్ ఒక పెండ్లి పనిలో ఉండి నన్నొక్కదాన్నే పంపాడు. వెళ్లేసరికి కుర్చీలో కూర్చోబెట్టి ఉంచారు. దవడ జారకుండా తెల్లగుడ్డ కట్టారు. ఒక కన్ను పూర్తిగా మూతపడలేదు. నేను ఎటు జరిగితే అటే చూస్తున్నట్టు అనిపించింది.  కెమెరా మీట మీద వేలు పెట్టి, నా కండ్లు గట్టిగా మూసుకుని నొక్కేశాను. ఎట్లా పడిందో కూడా చూడకుండా, అయిపోయిందని చెప్పి బయటపడ్డాను.

స్టూడియోలో కంప్యూటర్ మీద చూస్తే బంతిపూల దండ రేకు రేకూ లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది. మొహం అలుక్కుపోయింది. అప్పటికే దహనం అయిపోయింది.

ఉస్తాద్ తిట్టలేదు. తిడితే బాగుండేది. దశదినకర్మ నాడు నన్ను బండి మీద ఎక్కించుకుని ఆ ఇంటికే తీసుకుపోయాడు. గోడకు దండ వేసిన ఫొటో ఉంది. ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించారు. కండ్లెక్కడో ముక్కెక్కడో తెలియకుండా అంతా చుక్కలే. ఆమె కూతురు మాకు చాయ్ ఇచ్చి, నా మొహం చూసి, "ఏం జేస్తవ్ బిడ్డా, మా అవ్వ నసీబు గంతే," అని నన్నే ఓదార్చింది. బయటికొచ్చాక ఉస్తాద్ బండి దగ్గర నావైపు తిరిగాడు.

"గోడ మీద సూసినవ్ గదా. గది నీ భయం. నువ్వు భయపడితె నీకేం గాదు బిడ్డా. ఆళ్ల గోడకైతది," అన్నాడు.

ఆ తర్వాత కండ్లు మూసుకోవడం మానేశాను. మానేశానని ఆయన్ను నమ్మించాను అంటే సరిగ్గా ఉంటుంది. అదెట్లాగో చెప్పాలంటే కెమెరా సంగతి కొంచెం చెప్పాలి. నేను వాడే డీఎస్‌ఎల్‌ఆర్ రకం కెమెరా లోపల చిన్న అద్దం ఉంటుంది. కన్ను ఆనించినప్పుడు మనకు కనపడేది ఆ అద్దం చూపించే బొమ్మే. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, ఫొటో పడుతుంది, టప్‌మని మళ్లీ కిందికి దిగుతుంది. ఆ రెప్పపాటు సేపు మనకు అంతా నల్లగా అయిపోతుంది. ఫొటో పడే క్షణాన్ని ఫొటో తీసేవాళ్లం చూడం. నేను ఆ నలుపు కోసం ఆశపడేదాన్ని. చచ్చిపోయిన మొహాన్ని అంతవరకు ఓర్చుకుంటే చాలు, అద్దమే నా కండ్లు మూసేది. మళ్లీ వెలుతురు వచ్చేసరికి కెమెరా దించేసేదాన్ని.

మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ అద్దం లేదు. లోపల చిన్న టీవీ లాంటి తెర ఉంటుంది. మూడేండ్ల కింద ఆ కెమెరా కొన్నది నేను కాదు, డెబ్బై దగ్గరపడిన ఉస్తాద్. వద్దని మొత్తుకున్నది నేను. చెయ్యి వణుకు మొదలైందాయనకు. పాతదాని బరువుకు మెడనొప్పి. కొత్తది చేతికి తేలిక, వణుకును కూడా కొంత సర్దుకుంటుంది. తెచ్చిన వారం రోజులు కుక్కనూ పిల్లినీ వదలకుండా తీశాడు. చాయ్ హోటలాయన "కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు" అని నవ్వితే, ఆయన్నూ తీసి చూపించాడు.

మార్చాలా వద్దా అని నన్ను ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. ఉస్తాద్ అందరికీ ఒకే జవాబు చెప్పేవాడు కాదు. మోస్రాలో పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసుకునే ఒకాయన అడిగితే, "నీకెందుకయ్యా, ఉన్నది అరిగేదాంక వాడు," అన్నాడు. చీకటి హాళ్లలో పెండ్లిళ్లు తీసే ఇంకొకరితో, "మార్చు, పాత లెన్సులు పారెయ్యకు, కొత్తదానికి బిగియ్యనీకె అడాప్టర్ ఏసుకో," అన్నాడు. నేను మాత్రం అడగక ముందే పది కారణాలు చదివేదాన్ని. బ్యాటరీ పుస్తె కట్టేటప్పుడే అయిపోతుంది. మే నెల ఎండకు కాలిపోతుంది. లెన్సు మార్చేటప్పుడు దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. తెరలో చూసేది అసలు చూపే కాదు.

"జేబుల రెండు బ్యాటరీలు ఏసుకో. నీడకు నిలవడు. దుమ్ము ఊదు," అని ఒక్కొక్కటీ తేల్చేశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. "ఒకటడుగుత, నిజం జెప్పు. పెండ్లిల నూరు తీస్తవ్. సచ్చినోళ్లకాడ ఒక్కటే ఎందుకు తీస్తవ్?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు.

"నల్లగయ్యేదాంకనే ఓపిక పడుతున్నవ్. గిందుల నల్లగ గాదు. గందుకే నీకిది వద్దు."

ఇన్నేండ్లు ఎవరికీ చెప్పనిది ఆయనకు ముందే తెలుసు. సిగ్గుతో ఏడుపొచ్చింది. "మీకు భయం గాదా ఉస్తాద్?" అని అడిగాను.

"ఎందుకు గాదు? రోజు అయితది. చెయ్యి వణుకుతుంటె ఇంకింత అయితది. గని ఆ మనిషిని ఆఖరుసారి మంచిగ సూసేటోళ్లు ఎవ్వరున్నరు సెప్పు. ఇంట్లోళ్లకు కండ్లల్ల నీళ్లు, కనవడదు. మనమే సూడాలె." సాసర్లో మిగిలిన చాయ్ తాగి మళ్లీ అన్నాడు. "అవసరం లేక మార్చకుంటె షాన్‌దార్. భయానికి మార్చకుంటె మాత్రం మార్చు."

నేను మార్చలేదు. ఆయనా మళ్లీ అడగలేదు.

మేమిద్దరం కలిసి చేసిన ఆఖరి పని నిజామాబాద్‌లో మా పిన్ని కూతురి పెండ్లి. మాది మెథడిస్ట్ క్రైస్తవ కుటుంబం, పెండ్లి చర్చిలో. ప్రమాణాలు చేయించేటప్పుడు నా కెమెరా టప్ టప్‌మంటుంటే పాస్టర్ గారు చదవడం ఆపి నావైపు చూశారు. చర్చి మొత్తం చూసింది. ఉస్తాద్ తన కెమెరాకు చప్పుడు ఆపేసుకుని, నా పక్కనే నిలబడి హాయిగా తీసుకుంటున్నాడు. మామూలుగా గ్రూపు ఫొటోలకు చప్పుడు పెట్టుకునేవాడు. "జనం ఊపిరి నా చేతుల ఉంటది. ఇడువమని తెల్వకపోతె పాపం గాదా," అనేవాడు. ఆ రోజు ఆపిన చప్పుడు మళ్లీ పెట్టుకోలేదు. వారంలో మంచం పట్టాడు, మళ్లీ లేవలేదు. రెండు నెలలకు ఆ ఫోన్ వచ్చింది.

నేను బోధన్‌లో ఉస్తాద్ ఇంటికి వెళ్లేసరికి అంతా సిద్ధంగా ఉంది. వాకిట్లో కుర్చీ, కుర్చీలో ఆయన. గంధం, దండ, తెల్లగుడ్డ. నేను గుమ్మం దగ్గరే ఆగాను. నా భుజం మీద పెండ్లి నుంచి తెచ్చిన పాత కెమెరా ఉంది, దాని లోపల నా అద్దం ఉంది. అదొక్కటే ధైర్యం. ఉస్తాద్ భార్యను నేను అవ్వ అంటాను. ఆమె లోపలికి పోయి ఆయన కెమెరా సంచి తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"గిదాంతోనే తియ్యమన్నడు బిడ్డా. బ్యాటరీ మొన్న మంచంల పండుకొనే చార్జింగు వెట్టిండు."

వద్దనలేకపోయాను. సంచి తెరిస్తే బనీను ముక్క పైనే ఉంది. లెన్సు తుడిచాను.  అవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు కూతుళ్లు, మనుమరాలు ఆయన చుట్టూ చేరారు. కన్ను ఆనించాను. తెరలో చిన్న తెల్లటి చదరం ఒకటి ఉంటుంది, కండ్లు ఎక్కడున్నాయో అదే వెతుక్కుని ఫోకస్ చేస్తుంది. అది అవ్వ మొహం మీద ఆగింది, కొడుకు మీదికి పోయింది, మనుమరాలి మీదికి పోయింది. తర్వాత నడుమకు వచ్చి ఉస్తాద్ మూసిన కంటి మీద నిలబడింది. కదల్లేదు.

 కెమెరా కింద పెట్టి పరుగెత్తాలనిపించింది. రుద్రూర్ గోడ మీది చుక్కల మొహం గుర్తొచ్చింది.

"ఊపిరి బిగవట్టుండ్రి," అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి.

అందరూ బిగబట్టారు. నొక్కాను. నల్లగా కాలేదు. ఆయన మొహం అట్లాగే నా ముందుంది. ఎడమ కనుబొమ్మ మీద తెల్ల వెంట్రుకలు, గడ్డం కింద రేజరు తెగిన గాటు, కన్ను ఆనించి ఆనించి కుడి కంటి చుట్టూ పడ్డ ముడతలు. ఆ ముడతలు పదహారేండ్లలో ఒక్కరోజూ చూడలేదు నేను. మళ్లీ నొక్కాను. మళ్లీ. భయం తగ్గలేదు. చూస్తూనే ఉన్నాను.

అప్పుడు తట్టింది, చప్పుడు కాలేదని. చర్చిలో ఆయన ఆపేసిన చప్పుడు ఇంకా ఆపేసినట్టే ఉంది. ఫొటో పడిందని ఎవరికీ తెలియలేదు. ఇగ ఇడువుండ్రి అని చెప్పాల్సింది నేనే. చెబితే ఆయన్ను పాడె మీదికి ఎత్తుతారు. కన్ను తియ్యకుండా ఇంకోసారి నొక్కాను. తెరలో అందరూ కదలకుండా నావైపే చూస్తున్నారు. మనుమరాలు బుగ్గలు ఉబ్బించి నిలబడింది, నడుమ కుర్చీలో ఉస్తాద్ కూర్చుని ఉన్నాడు, ఎవరూ ఇంకా ఊపిరి వదల్లేదు.