ఏజాక్స్ గద్దాంటీ

దమయంతి గారి చెయ్యి పడితే గోంగూర కెనడాలో కూడా ఏపుగా పెరుగుతుందని మా వీధిలో అందరికీ తెలుసు. ఏజాక్స్‌లో సరస్సుకి దగ్గరగా, పార్కుని ఆనుకుని ఉంటుంది వాళ్ల ఇల్లు. ఆవిడది తెనాలి. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కవాడు రాసినదాంట్లో తప్పులు పట్టడమే పని. ఆఫీసు అయిపోయాక కూడా ఆ పని ఆగేది కాదు. భర్త రామ్మోహన్ గారు పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ టెస్టింగులోనే ఉన్నారు కాబట్టి, అవసరమైతే తప్ప నోరు విప్పడం మానేశారు.

ఆ రోజుల్లో మా ఊరి నిండా మన పిల్లలే. కాలేజీల్లో చేరడానికి తెలంగాణ నుంచి, ఆంధ్ర నుంచి విమానాలకి విమానాలు దిగేవారు. ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా అయిదారుగురు బయటికొచ్చేవారు. క్లాసులు, క్లాసులు లేనప్పుడు వేర్‌హౌస్‌లో షిఫ్టులు. ఆదివారం సాయంత్రం మాత్రం పార్కులో టెన్నిస్ బంతితో క్రికెట్. టీమ్‌ని నడిపేది స్పందన అనే జగిత్యాల అమ్మాయి. తను బ్యాటు పట్టదు గానీ, ఏ వారం ఎవరికి షిఫ్టు లేదో, ఎవరిని నిద్ర లేపి తీసుకురావాలో ఆ అమ్మాయికే తెలుసు. ఓపెనర్ బన్నీ కొట్టిన సిక్సర్లన్నీ సరిగ్గా దమయంతి గారి గోంగూర మడిలో పడేవి. ఆవిడ బంతి ఊరికే ఇచ్చేవారు కాదు. వచ్చినవాణ్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, తాగినంతసేపూ తిట్టి, అప్పుడిచ్చేవారు. కొందరు మజ్జిగ కోసమే అటువైపు కొట్టేవారని తర్వాత తెలిసింది.

ఒక వసంతంలో ఆ క్రికెట్ గ్రౌండు పక్కనున్న ఎత్తయిన దీపస్తంభం మీద గద్దల జంట ఒకటి పుల్లలు పేర్చి గూడు కట్టింది. చేపలు తప్ప వేరేది తినని గద్దలు. ఇక్కడివాళ్లు ఆస్ప్రే అంటారు. దమయంతి గారు వాటిని పట్టించుకోలేదు. ఆ శుక్రవారం వరకూ.

ఆ రోజు ఆవిడ తలంటు పోసుకుని, ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద గుమ్మడి వడియాలు పెడుతున్నారు. పైన రెండు గద్దలు దేనికో గొడవ పడ్డాయి. ఒకదాని గోళ్లలోంచి జారి, జానెడు పొడవున్న చేప వచ్చి వడియాల మధ్య పడింది. బతికే ఉంది. ఎగిరెగిరి పడుతోంది. ఆవిడ ఇంట్లో చేప అన్న మాట కూడా వినపడదు. కేక విని వచ్చిన రామ్మోహన్ గారు చేపనీ, భార్యనీ, వడియాల్నీ వరసగా చూసి, దేన్ని ముందు తియ్యాలని నెమ్మదిగా అడిగారు. ఆ ప్రశ్నకి ఆవిడ ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు.

మళ్లీ స్నానం చేసి వచ్చి, సిటీ పార్కుల శాఖకి ఫిర్యాదు రాశారు. తన వృత్తిధర్మం ప్రకారమే రాశారు. పక్షులు ఎటు నుంచి వస్తాయి, ఎంతసేపటికోసారి వస్తాయి, ఏది మగది, ఏది ఆడది, ఏది చేపలు జారవిడిచే రకం, మళ్లీ ఇలా జరిగే అవకాశం ఎంత, అన్నీ ఫోటోలతో సహా. పార్కుల శాఖలో హెదర్ అనే ఆవిడ అది చదివి, ఇంత శ్రద్ధగా పక్షుల్ని చూసే మనిషి మన ఊళ్లో ఉందా అని పొంగిపోయింది. మర్నాడే గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో బైనాక్యులర్స్, ఇంకో చేతిలో ‘గూటి సంరక్షకులు’ అని వీపు మీద రాసిన నారింజ రంగు కోటు.

అది ఫిర్యాదండీ అని దమయంతి గారు చెప్పబోయారు. కానీ హెదర్ అప్పటికే, మీలాంటి కళ్లున్నవాళ్ల కోసమే వెతుకుతున్నాం అనేసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ కళ్లకి చిక్కి తిట్టుకున్నవాళ్లే తప్ప, వాటిని మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆవిడ కోటు తొడుక్కుని చూసుకున్నారు. సరిగ్గా సరిపోయింది.

మొదట్లో తప్పులు పట్టడానికే చూసేవారు. “వీడు చేప తెస్తూ దార్లో తలకాయ తను తినేసి, మిగతాది పెళ్లానికి పెడుతున్నాడు” అని రామ్మోహన్ గారితో అన్నారు. ఆయన తన కంచంలోకి చూసుకున్నారు. వానలో ఆడగద్ద రెక్కలు చాచి గుడ్ల మీద గొడుగులా కూర్చోవడం చూశాక మాత్రం ఆవిడ మాట మెత్తబడింది. గుడ్లలోంచి మూడు పిల్లలు బయటికొచ్చేసరికి, చేప పేరెత్తని మనిషి మగగద్ద ఆలస్యమైతే, “ఇంకా చేప తేలేదేంటి వీడు, పిల్లలు ఆకలికి ఆగుతారా” అని కిటికీ దగ్గర తచ్చాడటం మొదలుపెట్టారు. “మామ్, యూ ఆర్ లిటరల్లీ ఎ బర్డ్ కాప్” అని కనాటా అనే ఊళ్లో ఉండే కూతురు ఇషిత ఫోన్లో నవ్వింది.

పోలీసు పని మటుకు క్రికెట్ పిల్లల మీద పడింది. గూడున్న స్తంభానికి సిటీవాళ్లు దీపాలు ఆపేశారు. దమయంతి గారు స్తంభం చుట్టూ తాడు కట్టారు. పార్కు గేటులోంచి ఏ కారూ రాకుండా పెద్ద పెద్ద రాళ్లు, పూలకుండీలు పెట్టించారు. గట్టిగా అరవకూడదన్నారు. దాంతో బౌలర్లు అపీలు కూడా గుసగుసగా చెయ్యాల్సి వచ్చింది. అంపైరుకి వినపడక, పక్కవాణ్ని ఏమన్నాడని అడిగేవాడు. ఈలోగా బ్యాట్స్‌మన్ ఇంకో పరుగు తీసేవాడు. పిల్లలు ఆవిడకి గద్దాంటీ అని పేరు పెట్టారు. అది ఆవిడ చెవిన పడింది. వీపు చిట్లుతుందనుకున్నారు అందరూ. “గద్ద కాదు, ఆస్ప్రే అనాలి” అని సరిదిద్ది వెళ్లిపోయారు.

ఇవన్నీ చేసినా బంతులు గోంగూరలో పడటం ఆగలేదు. పైగా కుందేళ్లు. అందుకని మడి మీద పచ్చటి నైలాన్ వల పరిచి, మేకులు కొట్టారు.

జూలైలో ఒక ఆదివారం బన్నీ బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తూ, క్యాచ్ వస్తుంటే చూడకుండా గూటి వైపు చూస్తూ నిలబడ్డాడు. బంతి పక్కన పడింది. స్పందన తిట్టడానికి పరుగెత్తి వెళ్లి, తనూ పైకి చూస్తూ నిలబడిపోయింది. ఒక గద్దపిల్ల రెక్కలు కొట్టుకుంటోంది గానీ గూటి అంచు దాటలేకపోతోంది. కాలికి ఏదో చుట్టుకుంది. ఈ కబురు దమయంతి గారికి ఎవరు చెప్పాలన్నది అక్కడో పెద్ద చర్చ అయింది. చివరికి స్పందనే వెళ్లింది.

“ఆంటీ, కోపానికి రానంటేనే చెప్త.”

“బంతి తగిలిందా?”

“బంతి కాదాంటీ. పిల్ల కాలుకు ఏదో పచ్చగ చుట్టుకున్నది. ఎగురుదామంటే ఎన్కకు గుంజుతున్నది.”

ఆవిడ బైనాక్యులర్స్‌తో చాలాసేపు చూశారు. తర్వాత వాటిని దించి, నెమ్మదిగా గోంగూర మడి దగ్గరికి నడిచారు. వల ఒక మూల చిరిగి, పెద్ద ముక్క లేదు. గూట్లో మెత్తగా పరుచుకోవడానికి గద్ద పీక్కుపోయింది.

“అది నా వలేనమ్మా” అన్నారు. “ఇన్నాళ్లూ మీ బంతుల్ని తిట్టిపోశాను.”

“మా బంతులన్న గుండ్రంగుంటయి ఆంటీ, దేనికీ చుట్టుకోవు” అంది స్పందన ఓదార్పుగా. అది ఓదార్పో కాదో ఆవిడకి అర్థం కాలేదు గానీ, ఆ అమ్మాయి చెయ్యి మాత్రం పట్టుకుని వదల్లేదు.

హెదర్‌కి ఫోన్ చేసి, ఎప్పటిలాగే వివరంగా చెప్పారు. వల ఎవరిదన్న దగ్గర తన పేరు రెండుసార్లు చెప్పారు, పొరపాటు పడకుండా. హెదర్ మనుషులు పొడవాటి చెయ్యి ఉన్న, కరెంటు స్తంభాలు బాగుచేసే లారీ వేసుకుని వచ్చారు. వచ్చి గేటు దగ్గర ఆగిపోయారు. రాళ్లు, కుండీలు. ఇవి ఎవరు పెట్టారని డ్రైవరు అడిగితే క్రికెట్ టీమంతా ఆకాశంలోకి చూసింది. దమయంతి గారు ఒక కుండీ ఎత్తబోయి నడుం పట్టుకున్నారు. పిల్లలే వేర్‌హౌస్ అలవాటుతో చేతులు మార్చుకుంటూ రాళ్లన్నీ పక్కకి చేరేశారు.

లారీ చెయ్యి పైకి లేచింది. దాని తొట్టిలో నిలబడ్డ మనిషి గూటి దగ్గరికి చేరాడో లేదో, తల్లిగద్ద అతని హెల్మెట్ మీదికి దూకింది. అతను వంగాడు. అది తిరిగి వచ్చింది. కింద దమయంతి గారు చీర కొంగు నారింజ కోటు లోపలికి దోపుకుని, గొంతెత్తి అరిచారు.

“ఆగమ్మా తల్లీ, నీ బిడ్డకే సాయం చేస్తున్నాడే. కాస్త ఆగవే.”

ఆ కేక సరస్సు దాకా వినపడి ఉంటుంది. బన్నీ పక్కకి వచ్చి, “ఆంటీ, మెల్లగ” అన్నాడు. ఆవిడ ఠక్కున నోరు మూసుకున్నారు. టీమ్‌లో ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేని ఇద్దరు లారీ వెనక్కి వెళ్లిపోయారు.

వల కోసేశారు. పిల్ల కాలు కందింది గానీ విరగలేదని, వెంట వచ్చిన పశువుల డాక్టరు చూసి చెప్పి, మళ్లీ గూట్లోనే పెట్టించింది. కొన్నాళ్లు కనిపెట్టి ఉండాలంది. దమయంతి గారికి ఆఫీసు. స్పందన వెంటనే షిఫ్టులు వేసేసింది: ఎవరికి ఎప్పుడు ఖాళీయో వాళ్లు గద్ద డ్యూటీ. పిల్లలు వంతులవారీగా ఆవిడ డెక్ మీద కూర్చుని చూసేవారు. వాళ్లకి మజ్జిగతో పాటు పెసరట్లు కూడా అందాయి. తిట్లు మాత్రం అందలేదు. అది వాళ్లకి కొంచెం వెలితిగానే ఉండేదట.

ఆగస్టులో ఆ పిల్ల ఎగిరింది. ఎగరడం వచ్చింది గానీ దిగడం రాక, వచ్చి దమయంతి గారి డెక్ కమ్మీ మీద వాలి, అక్కడే కూర్చుండిపోయింది. దానికి బెదురు కలగకూడదని ఆవిడ తలుపు తియ్యలేదు. దొడ్లో నీళ్లు పెడుతున్న రామ్మోహన్ గారిని కదలొద్దని కిటికీలోంచి సైగ చేశారు. అది మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుంది. ఆయన కూడా పైపు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆ ఏడు గోంగూర మడి చెరువైంది. దాని మీద మళ్లీ వల వెయ్యలేదు.

చలికాలం ముందు పక్షులు దక్షిణానికి వెళ్లిపోయాయి. స్పందనకి చదువైపోయి, కాల్గరీలో ఉద్యోగం దొరికి తనూ వెళ్లిపోయింది. ఏప్రిల్లో ఒకరోజు అక్కడి నుంచి ఫోన్ చేసి, ఎలా ఉన్నారని కూడా అడక్కుండా, “వచ్చిండా ఆంటీ?” అంది.

“వచ్చాడే. ఆవిడ ఇంకా రాలేదు. ఒక్కడే పొద్దున్నుంచీ పుల్లలు మోసి ఇల్లు సర్దుతున్నాడు” అన్నారు దమయంతి గారు. “మా ఆయన్ని కూడా పిలిచి చూపించాను. చూసి, బాగుంది అని వెళ్లి పడుకున్నారు.”