తూకం గొట్టంలో ఆరిన నీళ్ళు

1983 ఏప్రిల్ 19, మంగళవారం, పగలు పదకొండుంబావుకు ఆ యంత్రం వణకడం మొదలుపెట్టింది.

అప్పుడు నేను అనంతపురంలో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. ధర్మవరం నుంచి వచ్చిన బాలింతకు కాన్పయి నాలుగు గంటలైనా రక్తం ఆగలేదు. ఆమె తమ్ముడి రక్తం సీసాకు పట్టి పెట్టాం. అది సరిపడుతుందని మేము రాసిస్తేనే డాక్టరు సీసా ఎక్కించేది. దానికి ఆమె రక్తాన్ని సెంట్రిఫ్యూజులో తిప్పి, పైకి తేరిన రసాన్ని అతని రక్తంతో కలిపి చూడాలి.

సెంట్రిఫ్యూజు అంటే ఇనుప తొట్టి, నడుమ మోటారు, దాని చేతులకు వేలాడే గిన్నెలు. గిన్నెల్లో ఎదురెదురు గొట్టాలు ఒకే బరువుండాలి. అందుకే రక్తం గొట్టానికి ఎదురుగా తూకానికి నీళ్ళ గొట్టం పెడతాం. పని కాగానే ఆ నీళ్ళు పారబోయాలి. ఆ ఏడాది నీళ్ళ ట్యాంకరు మూడు రోజులకొకసారి వచ్చేది. చెంచాడు నీళ్ళు పారబోయడానికీ చేయి రాక, గీత వరకు నింపిన గొట్టాలకు దూది పెట్టి కిటికీలో దాచి, వాటినే మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళం. ఆ రోజు మా సీనియరు టెక్నీషియను తొందరలో వెనక వరుసలోది అందుకున్నారు. ఎప్పుడు నింపిందో, ఎండకు సగానికి ఆరిపోయి ఉంది.

ఆ బరువు తేడాకు యంత్రం ఊగుతూ బల్ల అంచుకు జరిగింది. మూత ఎత్తితే కరెంటు ఆగిపోయే చిన్న స్విచ్చి ఒకటి లోపల ఉండేది. అది కాలిపోయాక మెకానిక్కు తీగలు నేరుగా కలిపేశాడు; ఇక మూత ఎత్తినా యంత్రం ఆగదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. అయినా పదిహేనేళ్ళ అలవాటుకొద్దీ సీనియరు చేయి మూత మీదికే పోయింది.

"అన్నా, గోడకాడ స్విచ్చి ఆపు" అన్నాను. అప్పటికే గొట్టం పగిలి గాజు ఆయన చేతిలో దిగింది. యంత్రం నేల మీద పడింది. ఆమె రక్తం గోడంతా చిమ్మింది.

మళ్ళీ సూది పట్టుకుని వార్డుకు పోతే ఆమె మొగుడు అడ్డం నిలబడ్డాడు.

"మళ్ళీనా? దానికాడ యాడుండాదమ్మా నెత్తురు?"

"తిప్పే మిషను పగిలిపోయింది నాయనా. కొంచెం కావాల."

పక్కనే తమ్ముడు చొక్కా చేయి మడుచుకుని కూర్చున్నాడు. "నాది ఎక్కించక్కా. చూసేదేముండాది? ఒగ తల్లి బిడ్డలం."

"ఒగ తల్లి బిడ్డలకూ కలవకుండా పోతాదప్పా. కలవకపోతే నీ రక్తమే చంపుతాది."

నరం అందలేదు. మూడోచోట గుచ్చితే కొద్దిగా వచ్చింది. యంత్రం లేదు గనుక గొట్టాన్ని నిలబెట్టి, రసం తనంతట తేరేదాకా కాచుకోవాల్సి వచ్చింది. గొట్టం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎంత చూసినా ఎరుపు కిందికి దిగదు. తమ్ముడు రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చాడు. "ఇంగా ఎంతసేపక్కా?" అన్నాడు.

పన్నెండూ ముప్పై అయిదుకు ఇద్దరి రక్తాలూ కలిశాయి. సీసా తీసుకుని నేను వార్డు చేరేసరికి నర్సు ఆమె చేతికున్న సూది తీసేస్తోంది.

పోయినవి: సెంట్రిఫ్యూజు ఒకటి, గాజు గొట్టాలు రెండు, సీనియరు కుడిచేతి రెండు వేళ్ళలో కదలిక, గంటా ఇరవై నిమిషాలు, బాలింత.