కొండ కనపడే ఇల్లు

తప్పు నాదే. ఇల్లు కట్టుకున్నవాణ్ణి ఊరుకోకుండా కార్డులు రాశాను.

యుద్ధం రోజులు. తిరుపతి ఊరి చివర వేరుశనగ చేలల్లో కొత్తగా వీధులు గీశారు. మొదటి ఏడు మా వీధిలో నాలుగు ఇళ్ళు, లెక్కలేనన్ని తేళ్ళు. తర్వాత మలుపులో కుళాయి పడింది. దాని పక్కన దీపస్తంభం కూడా నిలబెట్టారు గానీ, అందులోకి కిరసనాయిలు మాత్రం రాలేదు. పూరిపాకలో పిల్లల బడి వెలిసింది. సాయంత్రమైతే వీధంతా పిల్లలదే. వాళ్ళ ఆట తెమిలేదాకా జట్కాలు కూడా ఆగేవి.

ఇదంతా చుట్టాలకు వర్ణించి, చివర "మా అరుగు మీద కూర్చుంటే కొండ కనిపిస్తుంది" అని తగిలించాను. కొండ మాకు కనిపించడం అటుంచి, కొండకు పోయేవాళ్ళందరికీ మా ఇల్లు కనిపించసాగింది.

మొదట వచ్చినవాడు గూడూరులో ఉండే మా పెదనాయన కొడుకు. వెంట తొమ్మిదిమంది. "మన ఇల్లుండంగా సత్రం యాలరా అబ్బయా!" అంటూ ముందుగదిలో మూటలు దించాడు.

ఆ గది నా భార్యది. పుట్టింటివాళ్ళిచ్చిన కుట్టుమిషను అక్కడ పెట్టుకుని వీధిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పాలని ఆమె ఆశ. వెలుతురు సరిగ్గా సూది మీద పడేలా కిటికీ చోటు కూడా తనే చూపించింది. ఇప్పుడా మిషను వంటింట్లో ఊరగాయ జాడీల సరసన చేరింది.

అన్న అంతటితో ఆగలేదు. గూడూరులో రైలు మారే ప్రతి చుట్టానికీ మా ఇంటి గుర్తులు చెప్పి పంపాడు. కొండ దిగినవాళ్ళు నేరుగా ఇంటికే పోవాలంటారు పెద్దలు. మావాళ్ళ లెక్కలో ఆ ఇల్లు మాదే. తెల్లారితే అరుగు మీద గంధం పూసిన గుండ్లు బారులు తీరేవి. కుళాయి దగ్గర మా బిందెల వరుస చూసి పక్కింటావిడ, "ఈపొద్దు ఎన్ని గుండ్లమ్మా?" అనేది.

ఒకనాడు నా భార్య మిషను మీద పడిన ఊరగాయ నూనె తుడుస్తూ అడిగింది. "మీరు ఇల్లు కట్టినారా, సత్రం కట్టినారా? సత్రమైతే సెప్పండి, నేనూ మూడు దినాలుండి పోతాను."

నవ్వుతూనే అంది. తల మాత్రం ఎత్తలేదు.

చుట్టాలను రావద్దనే ధైర్యం నాకెప్పుడూ లేదు. ఉన్నదల్లా కార్డులు రాసే జబ్బు. ఆ సాయంత్రమే ఒక కట్ట ముందేసుకున్నాను. "గూడూరులో మా అన్న ఇల్లు స్టేషనుకు కూతవేటు దూరం. పెరట్లో బావి, నిమ్మచెట్ల కింద మంచాలు. పోయేటప్పుడు ఒక రోజు, వచ్చేటప్పుడు రెండు రోజులు అక్కడ దిగండి. దిగకపోతే అన్న నొచ్చుకుంటాడు." చివరి మాట తప్ప అన్నీ నిజాలే.

రెండు నెలలకు చుట్టాల మూటలు గూడూరుకు మళ్ళాయి, మిషను కిటికీ దగ్గరికి వచ్చింది. చుట్టూ ముగ్గురు ఆడపిల్లలు కూడా చేరారు. ఆ వారమే అన్న కార్డు: "ఏం రాసినావురా అందరికీ? ఈడ బావి అడుగంటిపోయె!"

నా భార్య పళ్ళ మధ్య దారం పట్టుకుని చదివి, దారం జారిపోయేలా నవ్వింది. మిషను చప్పుడు వింటూ ఆమె పక్కనే కూర్చుని జవాబు రాశాను.

"అన్నా, మన ఇల్లుండంగా సత్రం యాల?"