మూడుసార్లు కాలిన పచ్చ వైరు

ఆ వైర్‌మన్‌ను ఫ్యాక్టరీలో అందరూ 'వెనకచెయ్యి' అంటారు. ఏ ఇనుప వస్తువునైనా ముందు చేతి వెనక భాగంతో తాకి చూస్తాడు. అరచేత్తో పట్టుకుంటే, కరెంటుకు వేళ్లు బిగుసుకుపోయి వదలవు. వెనకచెయ్యి అయితే దానంతటదే విదిలించుకుంటుంది. ఇరవై ఆరేళ్ల అలవాటు. అక్క ఇంట్లో ఫ్రిజ్ తలుపు కూడా అలాగే తాకుతాడు. "మా ఫ్రిజ్ కరవదులేరా, నీళ్లు తీసుకో" అని ఆమె నవ్వుతుంది.

ఆ అక్క మొగుడు అదే ఫ్యాక్టరీలో పాత వెల్డరు. వెనకచేతికి అక్కడ పని ఇప్పించింది కూడా ఆయనే. బావకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో లేదు. ఆయన వెక్కిరిస్తాడు, వీళ్లు నవ్వుతారు. పెళ్లయిన నాటి నుంచీ అదే వరస.

ఈసారి బాయిలరు మరమ్మతుకని ఫ్యాక్టరీని ఇరవై రోజులు ఆపారు. బాయిలరు పక్కన ఖాళీ జాగాలో పన్నెండు ఇనుప స్తంభాలు నిలబెట్టి, పైన రేకులు, చుట్టూ టార్పాలిన్లు కట్టి తాత్కాలికంగా ఒక షెడ్డు వేశారు. పైపులు కోయడం, అతకడం అంతా అందులోనే. దానికి కరెంటు ప్లాను వెనకచెయ్యి వేశాడు. సుద్దముక్కతో నేల మీద గీసి, చెరిపి, మళ్లీ గీశాడు. మెయిన్ బోర్డు షెడ్డు బయట, గుమ్మం పక్కనే ఉండాలి. కేబుళ్లు నేల మీద పాకకూడదు, తల కన్నా ఎత్తులో కొక్కేలకు వేలాడాలి. వెల్డింగు మెషీన్లకు ఒక బోర్డు, గ్రైండర్లకు ఒకటి, గుంతలో నీళ్లు తోడే పంపుకు ఇంకొకటి. కరెంటు ఏ కాస్త దారి తప్పినా పడిపోయే లీకేజీ స్విచ్చి ప్రతి బోర్డుకూ ఉంది. స్తంభాలన్నిటినీ కలుపుతూ పచ్చ ఎర్త్ వైరు లాగి, భూమిలో ఎర్త్ గుంతలో దించాడు.

"ఇరవై రోజుల ముచ్చటకి ఇంత హంగెందుకయ్యా? పెళ్లి పందిరికి కూడా ఇంత వైరు లాగరు" అన్నాడు సూపర్‌వైజరు.

"పెళ్లి పందిట్లో వెల్డింగు చెయ్యరు కద సార్. ఈ షెడ్డంతా ఒక ఇనప డబ్బా. డబ్బాకి తగిలితే లోపలున్న అందరికీ తగిలినట్టే."

వెల్డర్లకు ఒకే ఒక్క షరతు పెట్టాడు. వెల్డింగు కరెంటు మెషీనుకు తిరిగి వచ్చే కేబులు చివర ఉండే క్లాంపును అతికే పైపుకే తగిలించాలి, స్తంభానికి తగిలించకూడదు.

ఐదో రోజు పొద్దున చూస్తే పచ్చ వైరు ఒకచోట గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే పెళుసుగా విరిగింది. ఎవరి పనో అడగక్కర్లేకపోయింది. బావ కేబులు పొట్టిది. పైపు మారినప్పుడల్లా క్లాంపు మార్చడం ఆయనకు విసుగు. పక్కనే స్తంభం ఉంది, తగిలించేశాడు. లావు కేబుల్లో రావలసిన వెల్డింగు కరెంటు సన్నటి పచ్చ వైరును పట్టుకుని తిరిగొచ్చింది.

"బావా, క్లాంపు పైపుకే పెట్టు."

"ఏంటోయ్ బామ్మర్దీ, నువ్వు లాగు కట్టుకోవడం రాని రోజుల్నుంచీ నేను వెల్డింగు చేస్తున్నా."

"అది కాదు బావా, ఎర్త్ వైరు కాలిపోతోంది."

"కాలితే మార్చు. లేకపోతే నిన్నిక్కడ పెట్టించింది దేనికీ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వెనకచెయ్యి కూడా నవ్వాడు. నవ్వి, వైరు మార్చాడు.

పై వాళ్లకు చెప్పలేదు. ముఖానికి అద్దం పెట్టుకోనందుకు బావకు ఆ ఏడాది అప్పటికే రెండు హెచ్చరికలు పడ్డాయి. మూడోది పడితే గేటు బయటే. తొమ్మిదో రోజు వైరు మళ్లీ కాలింది. పధ్నాలుగో రోజు ఇంకోసారి. మూడుసార్లూ రిజిస్టరులో 'ఎలుక కొరికింది' అని రాశాడు.

"ఏం ఎలకయ్యా అది, పచ్చ వైరు తప్ప ముట్టదా?" అన్నాడు సూపర్‌వైజరు. అంతకు మించి అడగలేదు.

పచ్చ వైరు తెగితే ఏదీ ఆగదు. లైట్లు వెలుగుతాయి, మెషీన్లు తిరుగుతాయి. మనుషులు స్తంభాలకు చొక్కాలు తగిలించుకుంటారు, ఆనుకుని టీ తాగుతారు. వెనకచెయ్యి రోజూ అరగంట ముందే వచ్చి ఆ వైరు పొడుగునా నడిచేవాడు.

పదహారో రోజు వాన పట్టుకుంది. గుంత నిండుతోంది, పంపు లీకేజీ స్విచ్చి పదే పదే పడిపోతోంది. రెండో షిఫ్టులో సూపర్‌వైజరు ఇంకో వైర్‌మన్‌ను పిలిచి, ఆ స్విచ్చి తప్పించి పంపుకు నేరుగా కరెంటు ఇప్పించాడు. తెల్లవారేసరికి గుంత ఖాళీ అయింది. అందరూ సంతోషించారు.

మర్నాడు పొద్దున, తుంపర పడుతుండగా వెనకచెయ్యి గుమ్మం దగ్గరి స్తంభానికి టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలిగింది. రెండో స్తంభానికి ఆనించాడు. వెలిగింది. తలెత్తి చూశాడు. పంపు కేబులు గాలికి కొక్కెంలోంచి జారి, రేకు అంచుకు ఒరుసుకుని రాగి కనిపిస్తోంది. కింద ఎర్త్ గుంత దగ్గర, నిన్న పొద్దున బాగానే ఉన్న పచ్చ వైరు నల్లగా మాడి, తెగి ఉంది. పన్నెండు స్తంభాల్లోనూ కరెంటు ఉంది.

ముందే వచ్చినవాళ్లు నలుగురు లోపల ఉన్నారు. అందరి కాళ్ల కిందా నీళ్లే. ఆ చివర బావ, తడిసిన గ్లవుజులతో, క్లాంపు పట్టుకుని స్తంభం వైపు నడుస్తున్నాడు.

కేకేస్తే వినపడే దూరమే. కానీ పదిమందిలో బామ్మర్ది ఆగమంటే ఆగే మనిషి కాదాయన. పంతానికి ఇంకో రెండడుగులు ముందుకే వేస్తాడు. వెనకచెయ్యి నోరు తెరవలేదు. గుమ్మం పక్కకు ఒక్క ఉదుటున దూకి మెయిన్ స్విచ్చి లాగేశాడు.

షెడ్డు చీకటైంది. లోపలి నుంచి తిట్లు వినిపించాయి. చీకట్లోనే ఇనుము మీద ఇనుము ఠంగుమని తగిలింది. బావ క్లాంపు తగిలించాడు.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. అన్నీ చూపించాడు వెనకచెయ్యి.

"మళ్లీ ఎలకేనా?"

బావ అక్కడే ఉన్నాడు. బామ్మర్ది వైపు చూసి మీసం చాటున నవ్వాడు. ఏం జవాబొస్తుందో తెలిసిన నవ్వు.

"ఎలక కాదు సార్. మా బావ."

మధ్యాహ్నంలోగా బావ గేటు పాసు తీసేసుకున్నారు. తప్పుడు రాతలు రాసినందుకు వెనకచేతికి హెచ్చరిక వచ్చింది. పంపుకు నేరుగా కరెంటు ఎవరిమ్మన్నారో ఎవరూ రాయలేదు.

ఐదు రోజులు అక్క మాట్లాడలేదు. ఆరో రోజు తనే ఫోను చేసింది.

"ఇంకొక్కసారి ఎలక అంటే నీ సొమ్మేం పోయేదిరా?"

"అక్కా, ఆ రోజు బావ ఆ స్తంభాన్ని ముట్టుకునుంటే..."

"ముట్టుకున్నా ఏం కాలేదుగా."

"నేను ఆపాను గనక కాలేదు."

"సరేలే, పెద్ద మొనగాడివి. ఆయనకేం, చేతిలో పనుంది. ఎక్కడో గోడౌన్ కడుతున్నారట, పక్కనే షెడ్డు వేశారట. ఇవాళే పనికెక్కాడు."

"అక్కడ వైర్‌మన్ ఎవరు?"

"వైర్‌మన్ ఎందుకూ? కరెంటు పని కూడా నేనే చూసుకుంటానన్నాడట. మా తమ్ముడు చేస్తుంటే చూసి అంతా నేర్చుకున్నానని చెప్పాడట."

ఆ షెడ్డు ఎక్కడో అడిగేలోపే అక్క ఫోను పెట్టేసింది. వెనకచెయ్యి బావకు చేశాడు. చివరిదాకా మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు.