అవ్వ పేడతో అలికిన బండ

మా చిన్నప్పుడు... బాగేపల్లి దగ్గర మా అవ్వ ఊళ్ళో ఒక ఎండాకాలం సుత్తి పట్టుకుని ఒకాయన దిగాడు. రాయి కనిపిస్తే చాలు, పెచ్చు కొట్టడం, భూతద్దం పెట్టి చూడడం, సంచిలో వేసుకోవడం. సర్కారు తరఫున రాళ్ళ సర్వే అన్నాడు. ఊరంతా తలూపింది గానీ ఒక్కరూ నమ్మలేదు.

అవ్వకైతే కంటిమీద కునుకు లేదు. మా చింతపండు వ్యాపారమంతా ఊరి వెనక ఉన్న పెద్ద బండ మీదే నడిచేది మరి. రైతుల దగ్గర కొన్న చింతపండు దాని మీద ఎండబెట్టి, గింజ తీసి, చింతామణి టౌన్లో అంగళ్ళకు పంపేవాళ్ళం. బండేమో సర్కారుది, మాకు పట్టా లేదు. పైగా ఎండ పడితే అక్కడక్కడా తళతళా మెరిసేది... లోపల బంగారం ఉందని తెలిస్తే లాగేసుకుంటారని అవ్వ భయం.

అందుకని ఏం చేసిందంటే... వాడకట్టు ఆడవాళ్ళను వెంటేసుకుని, మెరిసే మేరంతా పేడతో అలికేసింది!

మర్నాడు సర్వే ఆయన వచ్చి ఇదేమిటని అడిగితే, రాగులు నూర్చడానికి కళ్ళం అంది అవ్వ తొణక్కుండా. రాగి నూర్పిళ్ళు అయిపోయి ఎన్నాళ్ళో అయింది. ఇప్పుడు ఆయనకూ అనుమానం వచ్చింది. తన సీసాలోని నీళ్ళు పోసి కాస్త మేర కడిగాడు. మెరిసేదాన్ని గోటితో గీకితే పొరలు పొరలుగా లేచింది.

“ఇది కాకిబంగారం అమ్మా. బంగారం కాదు,” అన్నాడు నవ్వుతూ.

ఒక పెచ్చు నా చేతిలో పెట్టి చూపించాడు. గాజులా తెల్లగా ఉన్నది పలుగురాయి, నల్లగా మెరిసేది కాకిబంగారం, ఎర్రటి పలుకులు ఇంకొకటి... ఇవి వేటికవే ఖనిజాలట. ఉప్పు ఏ పలుకు నోట్లో వేసుకున్నా ఉప్పే కదా, ఖనిజమంటే అలా అంతా ఒకటే సరుకు. ఈ రాయి మాత్రం మనం తినే మిక్చర్‌లాంటిది, అన్నీ కలిసి గట్టిపడ్డాయి. ఏరుకుపోయేంత విలువైనది ఇందులో ఏదీ లేదన్నాడు.

నాకు భలే నచ్చింది. అవ్వకు ఒక్క ముక్క ఎక్కలేదు.

“ఏమీ లేదంటాండావు గదప్పా... మరి యాల దీన్నే కొడతాండావు?”

“లోపల ఏమీ లేదమ్మా. రాయి మాత్రం బలే రాయి. యాడా ఒక్క పగులు లేదు.”

బండను మెచ్చుకునేసరికి అవ్వ ముఖం విప్పారింది. అన్నాళ్ళుగా ఆ మనిషి ప్రతి మాటనూ అనుమానించిన అవ్వ, ఆ ఒక్క మాట నమ్మి ఆయనకు మజ్జిగ కలిపి ఇచ్చింది.

కొన్నేళ్ళకు లారీలు వచ్చాయి. లోపల్నుంచి ఏదీ ఏరుకోలేదు, ఆయన చెప్పింది నిజమే... రాయినే పలకలు పలకలుగా కోసుకుపోయారు. అవ్వ చింతపండు ఆ ఏడు నుంచి ఎండలేదు. వ్యాపారమూ ఆగింది, ఆమె మాటలూ తగ్గిపోయాయి.

రాయినే కోసుకుపోతారని ఆ సర్వే ఆయనకు ముందే తెలుసా? ఏమో... ఇప్పుడు బెంగళూరులో ఎవరింటికి వెళ్ళినా ముందు వంటగట్టు రాయినే తడిమి చూస్తాను, మా బండ ముక్కేమోనని.

మీ ఊరి బండ ఇంకా ఉందా? దాని మీద ఏం ఎండబెట్టేవారో రాయండి... ఎవరైనా వచ్చి దాన్ని మెచ్చుకుంటే మాత్రం, మజ్జిగ ఇవ్వకండి.