విరిగింది ఏ పైపు?

జీవితమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషికి ఇల్లు కూడా తప్పుల తడకగానే కనిపిస్తుంది. కూరలో ఉప్పు తప్పు, తలుపు వేసిన చప్పుడు తప్పు, కోడలు గొడుగు ఆరబెట్టిన చోటు తప్పు. వీధిలో అందరూ ఆయన్ని అచ్చుతప్పు మాస్టారనేవారు. పాపం, ఆ ఒక్క పేరునీ ఆయన దిద్దలేకపోయారు.

పొగాకు మానేశారు గానీ పైపు మానలేదు. నోరు దురద పెట్టినప్పుడల్లా ఖాళీ పైపు పళ్ళ మధ్య బిగించి, మాటకు బదులు గాలి పీల్చి వదిలేవారు. ఇంట్లో ఆమాత్రం శాంతి దాని చలవే. మొన్న కోడలు నెమ్మదిగానే అంది: "మావయ్యగారూ, ఇంకొక్కసారి నలుగురి ముందూ నన్ను తిడితే మేం వేరే ఇల్లు చూసుకుంటాం." కొడుకు నేలచూపులు చూశాడే తప్ప కాదనలేదు. అప్పట్నుంచి మాస్టారి నోట్లోంచి పైపు దిగలేదు. ఆ బిగింపుకే ఇవాళ పుటుక్కున విరిగింది.

పైపు కాడ చివరి ముక్క, పొగాకు దట్టించే గిన్నెలోనే ఇరుక్కుపోయింది. దాన్ని సన్నటి మరమేకుతో ఎలాగో పైకి లాగి, లోపల ఆసరాగా అయిపోయిన పెన్ను రీఫిల్ ముక్క దూర్చబోయారు. లావైంది. అరగదీస్తే వంకరైంది. జిగురు పూస్తే అది పైపుకి తప్ప అన్నిటికీ అంటుకుంది. బల్లకి, కళ్ళజోడుకి, చివరికి ఆయన వేలికి వేలు. ఒళ్ళు మండిపోయి, ఆఫీసులో ఉన్న కోడలికి ఫోన్ చేసి, "పైపు విరిగిందమ్మాయ్!" అని ఒక్క అరుపు అరిచి పెట్టేశారు. వచ్చేటప్పుడు మంచి జిగురు తెమ్మనే అసలు మాట చెప్పనేలేదు.

కాసేపటికి ప్లంబర్ ఊడిపడ్డాడు.

"పైపు విరిగిందటండీ?"

"విరిగింది. నేను చూసుకుంటున్నాగా!"

"మీరే చూసుకుంటే మమ్మల్నెందుకు పిలవడమండీ?"

"ఎన్నాళ్ళనుంచో కారుతోంది బాబూ, ఇటురా" అని మాస్టారి భార్య సంబరంగా వంటింట్లోకి దారి చూపింది. ఏ పైపో తేలేలోగా సింకు కింద గొట్టం ముక్కలైంది, వంటిల్లు చెరువైంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కొత్తది రేపు తెస్తానని ప్లంబర్ మెల్లగా జారుకున్నాడు.

సాయంత్రం కోడలు వచ్చేసరికి మాస్టారు చీపురు పట్టుకుని నీళ్ళు తోస్తున్నారు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ప్లంబర్ని నేనే పంపానండీ..." అని బ్యాగు గుండెలకి హత్తుకుని నిలబడింది.

మాస్టారి నోటినిండా మాటలున్నాయి. 'బుద్ధుందా' అన్నది అన్నిటికంటే ముందుంది. బిగబట్టడానికి పళ్ళ మధ్య ఏమీ లేదు. కానీ ఆ పిల్ల నిలబడ్డ తీరు చూస్తే ఆయనకి సిగ్గేసింది. ఇంట్లోకి రావడానికే ఇంత భయపడుతోందా?

"విరిగింది నా నోట్లో పైపమ్మా" అన్నారు చీపురు గోడకి ఆనించి. "సరిగ్గా చెప్పలేదు. తప్పు నాది."

వంటింట్లో భార్య చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట వినడం ఆవిడకి ఇదే మొదలు.

కోడలు బ్యాగు కుర్చీలో పెట్టి వచ్చి, బల్లమీదున్న మాస్టారి పైపు ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుంది.

"మీరు జిగురు వెయ్యండి, నేను పట్టుకుంటాను" అంది. తలెత్తకుండానే, "నిన్న అడ్వాన్సు ఇచ్చొచ్చిన ఇల్లు వద్దని చెప్పేస్తాంలెండి" అంది.