చేనేత కోర్సుకు పదిహేను సంతకాలు

శాంభవి ఆ యూనివర్సిటీలో లెక్చరర్‌గా చేరేనాటికి మేనేజ్‌మెంట్ శాఖంటే రెండు రేకుల గదులు. పందొమ్మిదేళ్లలో అది ఐదంతస్తుల బిజినెస్ స్కూలయింది. అద్దాల తలుపులు, లిఫ్టు, తొమ్మిది స్పెషలైజేషన్లతో రంగుల బ్రోచర్ వచ్చాయి. పాఠాలు చెప్పేవాళ్లు మాత్రం ఆరుగురే.

ఆ తొమ్మిదింటిలో చేనేత వ్యాపారం ఆమె చేతి పని. రెండేళ్లు మంగళగిరి మగ్గాల దగ్గర కూర్చుని, వన్ టౌన్ బట్టల హోల్‌సేల్ కొట్లు తిరిగి సిలబస్ రాసింది. బ్రోచర్లో ఆ కోర్సు చూసే రామతులసి అనే అమ్మాయి ఎంబీయేలో చేరింది. వాళ్లకి మంగళగిరిలో చీరల కొట్టుంది.

తీరా టైమ్‌టేబుల్లో చేనేత లేదు. శాంభవి డైరెక్టర్ అచ్యుతరామారావు గదికి వెళ్లింది.

"నలుగురే అడిగారు మేడమ్. పదిహేనుమంది లేందే ఎలా నడుపుతాం?" అన్నాడాయన.

"మరి బ్రోచర్లో ఎందుకు వేశారండీ?"

"ఆప్షన్లు ఎక్కువుంటేనే కదా పిల్లలొచ్చేది."

"పదిహేనుమందిని తెస్తే నడుపుతారా?"

"తెండి, చూద్దాం."

మూడు వారాలు క్లాసు క్లాసుకీ తిరిగింది. "దీంతో ఉద్యోగం వస్తుందా మేడమ్?" అని అడిగినవాళ్లకి అబద్ధం చెప్పలేకపోయింది. ఎట్టకేలకు శుక్రవారం పదిహేనో సంతకం పడింది. డైరెక్టర్ కాగితం చూసి పక్కన పెట్టాడు.

"గడువు బుధవారంతో అయిపోయిందండీ. మీకు డేటా అనలిటిక్స్ వేశాం."

"నాకది రాదండీ."

"నేర్చుకుంటూ చెప్పండి. అందరం చేసేది అదే."

శాంభవి సంతకాల కాగితం తీసుకుని లేచింది. బయట వరండాలో రామతులసి ఎదురుచూస్తోంది.

"కొట్లో కూర్చోమని నాన్నగారు పోరుపెట్టినా, మీ కోర్సు కోసమే చేరానండీ."

"శనివారాలు మీ కొట్టుకొచ్చి చెప్తాను. మార్కుల జాబితాలో మాత్రం ఉండదమ్మా."

"రండి మేడమ్."

మొదటి శనివారం ఏడుగురొచ్చారు, తర్వాత ముగ్గురే. రంగు వెలిసిన చీరలు వాపసొస్తే నష్టం ఎవరు భరించాలన్న దానిమీద రామతులసి తండ్రి కూడా వాదనకు దిగాడు. ఐదో శనివారానికి ఆఫీసు శాంభవికి అనలిటిక్స్ అదనపు క్లాసు వేసింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, రానని కాగితంమీద రాసిచ్చింది. మర్నాడే సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది.

అందినట్టు సంతకం చేసేటప్పుడు ఆమెకు ఒళ్లు మండింది. ఆ శనివారం మంగళగిరి బస్సెక్కింది. సీటు దొరకలేదు. దారిపొడవునా నిలబడి, మెమోకి ఏం జవాబు రాయాలో మనసులో రాస్తూ, కొట్టేస్తూ వెళ్లింది.